బంద్ అని రాసిన చీటీ

మా ఊళ్లో నన్ను ఫెయిలు ఇంజినీరు అంటారు. ముఖం మీద అనరు. మిక్సీ పాడైనప్పుడు అసలే అనరు. అప్పుడు "అక్కా, జర చూస్తవా" అంటూ గడప దాకా వచ్చి నిలబడతారు. బాగుచేసి ఇచ్చాక సంచిలో పెట్టుకుని పోతూ, దారిలో ఎవరైనా ఎక్కడ చేయించావని అడిగితే, ఫెయిలు ఇంజినీరు దగ్గర అని చెబుతారు. ఇరవై ఏళ్లుగా వింటున్నాను. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత కోపం వచ్చేది. ఇప్పుడు ఆ పేరు మీద నాకొక హక్కు ఏర్పడింది. ఊళ్లో ఇంకెవరైనా ఫెయిలైనా ఆ పేరు వాళ్లకు ఇవ్వను.

ఫెయిలైన మాట నిజమే. కరీంనగర్‌లో మూడేళ్లు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. అన్నీ పాసై ఒక్క ప్రాక్టికల్ పరీక్షలో పోయాను. దాని సంగతి చెబుతాను కానీ ముందు కోళ్ల గురించి చెప్పాలి. కోళ్లు లేకపోతే ఆ పరీక్షను నేను ఈ జన్మలో తలుచుకునేదాన్ని కాదు.

కోళ్లు మా అత్తమ్మవి. మా ఊరు ధర్మపురికి కొంచెం ఇవతల, గోదావరి గట్టుకు ఎడంగా ఉంటుంది. అత్తమ్మది ఈ పక్క కాదు. మహారాష్ట్ర హద్దుకు దగ్గర, జైనూరు దాటాక అడవిలోకి పోతే వచ్చే ఊరు. ఇప్పటికీ ఆమె మాటల్లో మరాఠీ ముక్కలు దొర్లుతాయి, తొందరగా రమ్మనాలంటే లవ్‌కర్ రా అంటుంది. పెళ్లయి ఇక్కడికి వచ్చేనాడు వాళ్ల అవ్వ ఒక కోడిపెట్టను ఆమె ఒళ్లో పెట్టి బస్సెక్కించిందట. నల్లటి పెట్ట, మెడ చుట్టూ మాత్రం తుప్పు రంగు. దారి పొడుగునా కండక్టర్ తిట్టినా దించలేదట. నలభై ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు ఆ పుట్టింటి ఇల్లు లేదు, అన్నదమ్ములు తలో దిక్కు పోయారు, అవ్వ ఎప్పుడో కాలం చేసింది. మిగిలింది ఆ పెట్ట సంతతి ఒక్కటే. మా పెరట్లో తిరిగే ప్రతి కోడికీ మెడ మీద ఆ తుప్పు రంగు ఉండేది. ఎవరైనా అడిగితే అత్తమ్మ పుంజును ఇచ్చేది, పెట్టను మాత్రం చచ్చినా ఇచ్చేది కాదు. పెట్టను ఇస్తే ఇంటిని ఇచ్చినట్టే అనేది. ఆ పిసినారితనం వల్లే ఆ జాతి కోడి మా పెరట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

పోయిన చలికాలం ఒక పొద్దున మేం లేచేసరికి కోళ్ల గూడు తలుపు ఊడి పడి ఉంది. ఊరకుక్కల పని. ఆరు పెట్టలు, ఒక పుంజు. ఒక్కటీ మిగల్లేదు. అత్తమ్మ ఏడవలేదు. ఈకలన్నీ ఏరి గోనెసంచిలో వేసింది, వాకిలి ఊడ్చి నీళ్లు చల్లింది. తర్వాత లోపలికి పోయి వడ్ల గంపలో దాచిన గుడ్లను ఒక్కొక్కటే తీసి నేల మీద వరుసగా పెట్టింది. పద్నాలుగు ఉన్నాయి.

"ఎనిమిది దినాలు," అంది. "గంతకంటే ఎక్కువ ఆగయి. తర్వాత గుడ్డు సచ్చిపోతది."

గుడ్లున్నాయి కానీ పొదగడానికి కోడి లేదు. ఊళ్లో నాటుకోళ్లు పెంచేవాళ్లే తక్కువ. ఉన్న రెండు మూడిళ్లలో అడిగి చూశాం, గుడ్ల మీద కూర్చోవడానికి సిద్ధంగా ఉన్న కోడి ఒక్కటీ లేదు. కోడి తనకు బుద్ధి పుట్టినప్పుడే కూర్చుంటుంది, మన అవసరం చూసి కూర్చోదు. మా ఆయన వరికోత మెషీన్ నడుపుతూ దూరంగా ఎక్కడో ఉన్నాడు. ఫోన్ చేస్తే, దానికి పరేషాన్ ఎందుకు, వేరే కోళ్లు తెచ్చుకుందాం అన్నాడు. ఆ మాట నేను అత్తమ్మకు చేరవేయలేదు. పొదిగే డబ్బా నేను చేస్తానన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి, గుడ్లను మళ్లీ వడ్లలో పెట్టింది. నమ్మిందో లేదో తెలియలేదు.

ఈ కబురు మా మరిది చెవిన పడింది. మరిది పక్కింట్లోనే ఉంటాడు. ఊరికి ఎలక్ట్రీషియన్ అతనే. పొలాల దగ్గర మోటార్లకు స్టార్టర్ డబ్బాలు బిగిస్తాడు, ఇళ్లకు వైరింగ్ చేస్తాడు. చెడ్డవాడేం కాదు, పిలిస్తే అన్నం ముందు నుంచి లేచి వస్తాడు. నా చేతిలో టెస్టర్ కనిపిస్తే మాత్రం అతని నోరు ఊరుకోదు. గుడ్లు పాడైపోయేలోగా ఆమ్లెట్లు వేసుకుంటే కనీసం కడుపులోకి పోతాయి కదా వదినె అన్నాడు. నేనూ ఊరుకోలేదు. ఇరవై ఒక్క రోజుల తర్వాత నీ ఇంటికి కోడిపిల్లను పంపుతాను, దానికి నువ్వే వదినె అని పేరు పెట్టుకో అన్నాను.

చేపలు తెచ్చే థర్మాకోల్ పెట్టె ఒకటి సంపాదించాను. లోపల ఒక బల్బు, ఒక నీళ్ల గిన్నె, గాజు థర్మామీటర్. రెండేళ్ల కింద ఫోన్లో వీడియోలు చూసి మోజుపడి తెప్పించుకున్న చిన్న కంట్రోలర్ బోర్డు నా దగ్గర ఉంది, అగ్గిపెట్టెంత ఉంటుంది. దానికి వేడిని కొలిచే సెన్సార్ తగిలించాను. వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల కంటే తగ్గితే బల్బు వెలగాలి, ఎక్కితే ఆరాలి. అంతే పని. కానీ బోర్డు నడిచేది ఐదు వోల్టుల మీద, బల్బు వెలిగేది ఇంటి కరెంటు మీద. రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. మధ్యలో రిలే ఉండాలి. చిన్న ప్లాస్టిక్ డబ్బీ అది. లోపల సన్నటి రాగి తీగ చుట్ట, దాని పక్కన ఒక ఇనుప రేకు. చుట్టకు కరెంటు అందితే అది అయస్కాంతమై రేకును లాగుతుంది. రేకు కదిలి బల్బు దారిని కలుపుతుంది. లాగినప్పుడల్లా టక్‌మంటుంది.

నా పాత ట్రంకు పెట్టెలో కాలేజీ నాటి రిలే ఒకటి దొరికింది. దాని రెండు కాళ్లను తిన్నగా బోర్డు పిన్నుకే కలిపాను. టక్‌మంది. మళ్లీ టక్. అత్తమ్మను పిలిచి వినిపించాను. ఐదోసారో ఆరోసారో మాట పడిపోయింది. పొగ లేదు, కమురు వాసన లేదు. బోర్డులో ఆ పిన్ను చచ్చిపోయింది, అంతే. మరిది గోడ మీద నుంచి తొంగిచూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అతను ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు కరీంనగర్ బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుంటే ఆ పరీక్ష గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఎలా ఉంటుంది.

బల్ల మీద సర్క్యూట్ ఉంది. బల్లకు అవతల వేరే కాలేజీ నుంచి పరీక్ష తీసుకోవడానికి వచ్చిన సారు. మొదటి ప్రశ్న చాలా సులువుది. ఈ స్విచ్ క్లోజ్ చేస్తే ఏమవుతుంది అని ఇంగ్లిషులో అడిగాడు. పుస్తకంలో అయితే నాకు తెలుసు. క్లోజ్ అంటే దారి కలిసింది, కరెంటు పారుతుంది. కానీ నేను భయంలో ఉన్నాను. భయంలో నోటికి ఇంటి మాట వస్తుంది. మా ఇంట్లో క్లోజ్ అంటే బంద్. దుకాణం క్లోజ్ అంటే బంద్, లైటు బంద్ చెయ్యమంటే ఆర్పెయ్యమని. బంద్ అయితది సార్, కరెంటు రాదు అన్నాను. సారు నవ్వాడు. పక్క బల్ల దగ్గరున్న ల్యాబు ఆయన్ను పిలిచి, ఆ మాట మళ్లీ చెప్పమన్నాడు. నేను మళ్లీ చెప్పాను, అదీ నా తెలివి. వెనక వరుసలో ఉన్న అమ్మాయిలు కూడా నవ్వారు. రెండో ప్రశ్న, రిలే ముందు ట్రాన్సిస్టర్ ఎందుకు పెట్టారు. నాకు బొమ్మ గీయడం వచ్చు, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక నోరు తెరవలేదు.

మళ్లీ రాయొచ్చు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు, బాపు రెండుసార్లు అడిగాడు కూడా. నేనే పోలేదు. ఆ బల్ల ముందు మళ్లీ నిలబడడం నా వల్ల కాలేదు. చాలా ఏళ్లు ఈ తప్పును పెళ్లి మీదికి, సంసారం మీదికి తోస్తూ వచ్చాను. అది అబద్ధం. పారిపోయాను.

కరీంనగర్‌లో ఒక సందులో పాత రేడియో సామాన్ల దుకాణం ఉంది. చదువుకునే రోజుల్లో అక్కడే కొనేవాళ్లం. ఇంకా ఉంటుందా అనుకుంటూ పోయాను, ఉంది. అప్పటి నడివయసు ముస్లిం పెద్దాయనే ఇప్పుడు తెల్లగడ్డంతో, కళ్లద్దాలకు దారం కట్టుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఏం చేశానో చెప్పాను. రిలేను తిన్నగా పిన్నుకు కలిపానంటే నవ్వుతాడని ముందే ముఖం గట్టి చేసుకున్నాను. ఆయన నవ్వలేదు.

"గది చిన్న పానం బేటా," అన్నాడు. "రిలేను గుంజే తాకత్ దానికి యాడిది. దానితోని హుకుం ఇప్పియ్యి, సాలు. పని ఇంకొకడు చేస్తడు."

ఆ ఇంకొకడే ట్రాన్సిస్టర్. మినపగింజ కంటే కొంచెం పెద్దది, మూడు కాళ్లు. ఆయన పాత కాగితం మీద గీసి చూపించాడు. నడిమి కాలికి, కరెంటును తగ్గించే ఒక రెసిస్టర్ గుండా బోర్డు నుంచి చిటికెడు కరెంటు వస్తుంది. అది హుకుం. ఆ హుకుం అందగానే మిగిలిన రెండు కాళ్ల మధ్య దారి కలుస్తుంది. రిలేకు కావలసిన అసలు కరెంటు చార్జర్ నుంచి సూటిగా వచ్చి ఆ దారిన పారుతుంది. బోర్డు మీద బరువే పడదు. ఇంకో మాట కూడా చెప్పాడు. రిలేను వదిలేసినప్పుడు ఆ తీగచుట్ట ఊరుకోదు, వెనక్కి తంతుంది. నా పిన్ను చచ్చింది ఆ తన్నుకే అయి ఉంటుందన్నాడు. ఆ తన్ను కాచుకోవడానికి చుట్టకు అడ్డంగా, కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్ ఒకటి పెట్టాలి. మూడేళ్ల చదువులో ఎక్కని ముక్క స్టూలు మీద కూర్చున్న పావుగంటలో ఎక్కింది. సంతోషం వేయాలి. నాకు ఒళ్లు మండింది. ఇంత చిన్న మాటను ఇన్నేళ్లు నాకెందుకు దాచారని.

ఇవన్నీ కలిపి బిగించిన రెడీమేడ్ ముక్క కూడా ఉంది, అదే తీసుకుపొమ్మన్నాడు. నేను వద్దన్నాను. గుడ్లు ఎదురు చూస్తుంటే ఇదేం పొగరని ఎవరైనా అడగొచ్చు, పొగరే. కానీ మధ్యలో ఆగిపోతే ఎక్కడ ఆగిందో తెలియని వస్తువు మీద అత్తమ్మ పుట్టింటిని పెట్టలేను. ఆయన అర్థమైనట్టు తలూపి, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండేసి చొప్పున పొట్లం కట్టాడు.

ఇంటికొచ్చి అంతా అతుకు పెట్టాను. పాడైన పిన్నును వదిలేసి దాని పక్క పిన్నుకు కలిపాను. అత్తమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. ఈ మూడు కాళ్లది ఏం చేస్తుందని అడిగింది. బోర్డు హుకుం ఇస్తుంది, ఇది పని చేస్తుంది అని చెప్పాను. ఆమె దాన్ని వేలితో తాకి చూసింది.

"అట్లనా," అంది. "మీ మామ మంచం మీదికెల్లి వేలు లేపేటోడు. బిందె నేను లేపేదాన్ని. గంతే గదా."

నాకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వింది. తర్వాత, రిలే దగ్గర అడ్డంగా పెట్టిన ఆ నల్ల ముక్క దేనికని అడిగింది. వదిలేసినప్పుడు వెనక్కి తన్నే తన్నును అది కాస్తుందని చెప్పాను. ఈసారి ఆమె నవ్వలేదు. "తన్నులు తినేటిది గూడ ఒకటి ఉండాలె గదా," అని పొయ్యి మీద చాయ చూడడానికి లేచిపోయింది. నేను ఆ డయోడ్‌ను ఇంకోసారి గట్టిగా అతికించాను.

రిలేకు బల్బు వైపు మూడు రంధ్రాలుంటాయి. నడిమిది బల్బుకు పోయే కరెంటుది. మిగిలిన రెండింటి మీద ఇంగ్లిషు అక్షరాలుంటాయి. ఒకటి మామూలుగా క్లోజ్, ఇంకొకటి మామూలుగా ఓపెన్; మామూలుగా అంటే రిలే ఊరికే ఉన్నప్పుడు అని. ఇంటి కరెంటు మాత్రం నేనే ఇస్తానని మరిది పట్టుబట్టాడు. సరే అన్నాను కానీ వైరు ఏ రంధ్రంలోకి పోవాలో నేనే దగ్గరుండి చూపించాను. చీటీలు కూడా నేనే రాసి అంటించాను. ఇంగ్లిషు ముక్క ఒక్కటి కూడా నా పెట్టె మీద ఉండకూడదని నా పంతం. ఆ బల్ల దగ్గర నన్ను నవ్వులపాలు చేసిన మాటలకు నా ఇంట్లో చోటేమిటి. ఒక రంధ్రం పక్కన మామూలుగా బంద్ అని రాశాను. ఇంకొకదాని పక్కన, ఓపెన్‌కు మా దిక్కు మాట అదే కనక, మామూలుగా ఖుల్లా అని రాశాను. హుకుం అందితేనే దారి కలవాలి కనక బల్బు వైరు ఖుల్లా అని రాసిన దాంట్లో ఉంది. రాసి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను. అప్పుడు నాకు ఏమీ తట్టలేదు.

ఒక రాత్రి, ఒక పగలు ఖాళీ డబ్బానే నడిపి చూశాం. థర్మామీటర్ గీత కదలకుండా నిలబడింది. కుక్కలు పడిన ఐదో రోజున అత్తమ్మ గుడ్లు తెచ్చింది. ప్రతి గుడ్డుకు ఒక పక్క పసుపు బొట్టు, ఇంకో పక్క బొగ్గు చుక్క పెట్టింది. రోజుకు మూడుసార్లు తిప్పాలి కదా, పొద్దున పసుపు పైకి, మధ్యాహ్నం బొగ్గు పైకి, సాయంత్రం మళ్లీ పసుపు, మర్నాడు పొద్దున బొగ్గుతో మొదలు. కోడి ముక్కుతో తిప్పుతుంది, మనకు ముక్కు పొడుగు లేదు, బొట్టు పెట్టుకుందాం అంది.

డబ్బాలో పెట్టిన ఏడో రోజున కిటికీలు మూసి గుడ్డు వెనక ఫోను టార్చి పెట్టి చూశాం. రెండు గుడ్లు ఏమీ లేకుండా తెల్లగా ఉన్నాయి, వాటిని తీసేశాం. పన్నెండింటిలో ఎర్రటి సన్న నరాలు, మధ్యలో ఒక చుక్క అదురుతూ ఉంది. నలభై ఏళ్లుగా కోళ్లను పొదిగించిన మనిషి, గుడ్డు లోపలి గుండెను అదే మొదటిసారి చూసింది. ఒక్కో గుడ్డును రెండుసార్లు చూపించమంది.

పదకొండో రోజు నేను వేములవాడ పోవలసి వచ్చింది. మా చెల్లె కొడుకుకు పుట్టువెంట్రుకలు. పోకపోతే జన్మంతా మాట పడాలి. అత్తమ్మ నేను చూసుకుంటా పో అంది. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలని పోయాను. గుళ్లో ఆ జనంలో, ఆ గోలలో సంచిలో ఫోన్ ఎన్నిసార్లు మోగిందో నాకు తెలియలేదు. బస్సులో చూసుకుంటే ఇంటి నుంచి తొమ్మిదిసార్లు వచ్చింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

నేను గడప దాటేసరికి పొద్దు గూకుతోంది. అత్తమ్మ కుంపటి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మీద రెండు దుప్పట్లు. కదలడం లేదు. సంచి గడపలోనే పడేసి దగ్గరికి ఉరికాను. తర్వాత ఆమె దుప్పటి అంచు కొంచెం ఎత్తి చూపించింది. ఒళ్లో, చీర కుచ్చిళ్ల మధ్య, పన్నెండు గుడ్లు. మధ్యాహ్నం నుంచి అలాగే కూర్చుందట. చాయ కూడా తాగలేదు. ఫోను మోగింది కానీ లేస్తే చల్లబడతాయని ఎత్తలేదు.

జరిగింది ఇది. పదకొండింటికి బల్బు మాడిపోయింది. అత్తమ్మ మరిదిని పిలిచింది. అతను కొత్త బల్బు, కొత్త హోల్డర్ తెచ్చి బిగించాడు. బిగిస్తూ నా చీటీలు చదివాడు. బల్బు వైరు ఖుల్లాలో ఉండడం చూసి అదిరిపడ్డాడు. ఖుల్లా అంటే నీళ్ల నల్లా ఖుల్లా చేసినట్టే కదా, కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది, గుడ్లు ఉడికిపోతాయి, వదినె తొందరలో తప్పు పెట్టింది అనుకున్నాడు. గుడ్ల మీద ప్రేమతోనే వైరును తీసి బంద్ అని రాసిన రంధ్రంలో పెట్టాడు. ముందు ఇంటి కరెంటు ఇస్తే బల్బు వెలిగింది. తర్వాత బోర్డు చార్జర్ పెడితే రిలే టక్‌మని బల్బు ఆరింది. చూడు, వేడి సరిపోయి తనే బంద్ చేసుకుంది అని అత్తమ్మకు చెప్పి, మూత పెట్టి, పొలాల దిక్కు మోటారు పని మీద పోయాడు. నిజానికి అది వేడి కోసం బల్బును వెలిగించమని పిలుస్తోంది. పిలిచినప్పుడల్లా వైరు విడిపోయి బల్బు ఆరే ఉంటుంది. మూడింటికి గుడ్లు తిప్పబోయి అత్తమ్మ చెయ్యి పెడితే చల్లగా తగిలాయి. థర్మామీటర్ చదవడం ఆమెకు రాదు, చేతికి తెలుసు.

నేను ఏమీ ఆలోచించలేదు. వైరు మార్చాను, డబ్బా వేడెక్కాక గుడ్లు లోపల పెట్టాను, పక్కింటికి పోయాను. ఏం మాట్లాడానో అంతా గుర్తులేదు, మంచి మాటలు కావు. నా పెట్టె మీద చెయ్యి వేసే హక్కు నీకు ఎవరిచ్చారని, స్టార్టర్ డబ్బాలు బిగించినంత మాత్రాన అన్నీ తెలుసా అని. వాకిట్లో జనం పోగయ్యారు. మరిది అన్నీ విన్నాడు. తర్వాత నెమ్మదిగానే అన్నాడు.

"వదినె, నువ్వే రాసినవ్ గద బంద్ అని. బంద్ అంటే బంద్ గాదా?"

ఇరవై ఏళ్ల కింద ఆ బల్ల ముందు నేను చెప్పింది అక్షరాలా అదే. నేను చెప్పిన మాటనే నాకు తిరిగి చెబుతున్నాడు, నేనిప్పుడు ఆ సారు కుర్చీలో ఉన్నాను. నవ్వడమొక్కటే తక్కువ. ఎవరో వెనక నుంచి, ఫెయిలు ఇంజినీరు పని గింతే అన్నారు కూడా.

ఇంటికొచ్చి కూర్చున్నాక కోపం దిశ మారింది. మా మాటలో బంద్ అంటే ఆగిపోవడం. పుట్టినప్పటి నుంచి అదే. మరిదిది తప్పు కాదు. ఆనాడు నాదీ తప్పు కాదు, అది చదువు రాకపోవడం కాదు. బంద్ అంటే ఏం అనుకుంటున్నావమ్మా అని ఆ మనిషి ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని. అడగకుండా నవ్వాడు, నేను ఆ నవ్వును ఇరవై ఏళ్లు నెత్తిన మోశాను. ఇక మోయను. అసలు తప్పు ఈ చీటీలోనే ఉంది, అది నాది. ఇంగ్లిషును తరిమేశానని మురిసిపోతూ ఇంగ్లిషు మాటనే తెచ్చి మా మాట బట్టలు తొడిగాను. మా మాటలో చెప్పనేలేదు.

చీటీలు పీకేశాను. ఏమని రాయాలో తెలియక, ఆ సారు, ఆ బంద్ సంగతి మొదటిసారి చెప్పి అత్తమ్మనే అడిగాను. ఈ రంధ్రంలో వైరు పెడితే రిలే ఊరికే ఉన్నప్పుడు బల్బు వెలుగుతుంది, ఆ రంధ్రంలో పెడితే రిలేను పిలిస్తేనే వెలుగుతుంది అని చెప్పాను. ఆమె దుప్పట్లు మడత పెడుతూ, తిరిగి చూడకుండానే అంది.

"మరి గదే రాయి. ఊకుంటే వెలుగుతది. పిలిస్తే వెలుగుతది."

అదే రాశాను. మరిదిని పిలిచి చదివించాను. ఒక్కసారి చదివి, వైరు ఏ దాంట్లో ఉండాలో వేలితో చూపించాడు. సరిగ్గా చూపించాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, కానీ అతను చాయ తాగే పోయాడు.

మర్నాడు పొద్దున టార్చి పెట్టి చూశాం. పన్నెండింటిలో పదకొండు కదులుతున్నాయి. ఒకటి కదల్లేదు. అత్తమ్మ ఆ ఒక్కదాన్ని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని, పెరట్లో పాతి వచ్చింది. ఊళ్లోవాళ్లు ఇంక వదిలెయ్యమన్నారు, చల్లబడ్డ గుడ్లు పిల్లలు కావన్నారు. ఒకావిడ మరీ దయతో వాళ్లింటి తెల్లకోడిని ఇస్తానంది. నేను గుడ్లు తిప్పుతూనే ఉన్నాను. రోజుకు మూడుసార్లు పసుపు పైకి, బొగ్గు పైకి, పసుపు పైకి. టక్ మంటే వెలుగు, టక్ మంటే చీకటి. వంట చేస్తున్నా చెవి దాని మీదే ఉండేది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం డబ్బాలోంచి రిలే చప్పుడు కాని చప్పుడు వినిపించింది. గుడ్డు లోపల నుంచి కీచుమంటూ పిలుస్తోంది. ఇరవై ఒకటో రోజు పొద్దెక్కేసరికి తొమ్మిది పిల్లలు బయటికి వచ్చాయి, రెండు రాలేదు. మరిది పొద్దున్నుంచి డబ్బా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఈ మధ్య అతను బిగిస్తున్న స్టార్టర్ డబ్బాల లోపల కూడా పిలిస్తే వస్తది అని చీటీ అంటిస్తున్నాడట, ఆ సంగతి సిగ్గుపడుతూ చెప్పాడు. ఒప్పుకున్న ప్రకారం ఒక పిల్లను అతనికి ఇస్తానంటే అత్తమ్మ వినిపించుకోలేదు. పుంజైతే చూద్దామంది.

మొదట వచ్చిన పిల్ల ఆరి మెత్తగా అయింది. నల్లటి నూగు, మెడ చుట్టూ తుప్పు రంగు. అత్తమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది, ఆనాడు బస్సులో ఆ పెట్టను కూడా ఇలాగే పెట్టుకుని ఉంటుంది. అప్పుడు ఏడ్చింది. కుక్కలు పడిన నాడు రాని ఏడుపంతా వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, నావైపు తిరిగింది.

"నిన్ను ఫెయిల్ జేసిన సారు యాడున్నడో," అంది. "ఉంటే రమ్మను. గీ పిల్ల బంద్ అయితె పుట్టిందా, ఖుల్లా అయితె పుట్టిందా అని నన్ను అడుగుమను. జవాబు నేను చెప్త."